ఫంక్షన్లను వరసగా కలపడానికి ఏ గుర్తు? చిన్న ప్రోగ్రామింగ్ భాష తయారుచేసేవాళ్లకి ఎంపిక సలహా

ముందు ఈ లైను చదవండి.

ఊరివారీ_మొత్తం(కిలోలకు_మార్చు(తేమవి_తీసెయ్(చదువు("కొనుగోళ్లు"), 10), 80))

పలాస, కాశీబుగ్గ వైపు జీడి పిక్కల బేరం బస్తాల్లో నడుస్తుంది. బస్తా అంటే 80 కిలోలు. పై కోడ్ ఒక ఫ్యాక్టరీ కొనుగోళ్ల ఫైలు చదివి, తేమ 10 శాతం దాటిన సరుకు తీసేసి, బస్తాలను కిలోల్లోకి మార్చి, ఏ ఊరినుంచి ఎంత వచ్చిందో మొత్తం కడుతుంది. ఇప్పుడు నేను చెప్పిన వరసే పని జరిగే వరస. కోడ్ మాత్రం తిరగేసి ఉంది. మొదట జరిగే పని అన్నిటికన్నా లోపల ఇరుక్కుంది, ఆఖరున జరిగేది అన్నిటికన్నా ముందు నిలబడింది. ఆ 80 ఏ ఫంక్షన్‌ది, ఆ 10 ఏ ఫంక్షన్‌ది అని తెలియాలంటే వేలు పెట్టి బ్రాకెట్లు లెక్కపెట్టుకోవాలి.

విజయనగరంలో ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది పిల్లలు కొందరు జీడి వ్యాపారుల లెక్కల కోసం ఇలాంటి చిన్న భాష ఒకటి ప్రాజెక్టుగా కడుతున్నారు. వాళ్లలో సోంపేట కుర్రాడు ఈ లైను చూసి, "ఇదేటి మాస్టారూ, సివర్నించి సదవాలా?" అన్నాడు. సరైన ప్రశ్న. అక్కణ్నుంచి వాళ్ల వాదన మాత్రం గుర్తు మీదకి పోయింది: |> పెడదామా, -> పెడదామా, చుక్క చాలా అని. నా మటుకు గుర్తు ఆకారం ఆఖరి ప్రశ్న. ఎడమవైపు నుంచి వచ్చిన విలువ కుడివైపు ఫంక్షన్లో ఎక్కడ దిగుతుంది అన్నది మొదటి ప్రశ్న. అది తేలితే మిగతావి చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

గుర్తు అసలు అక్కర్లేని చోట

భాషలోకి కొత్త గుర్తు తెచ్చే ముందు, మామూలు వేరియబుల్స్‌తో సరిపోతుందేమో చూడాలి.

వరుసలు = చదువు("కొనుగోళ్లు")
పొడి_సరుకు = తేమవి_తీసెయ్(వరుసలు, 10)
కిలోలు = కిలోలకు_మార్చు(పొడి_సరుకు, 80)

దీన్ని ఎవరైనా చదవగలరు. మధ్యలో ఏ విలువ ఉందో ప్రింట్ చేసి చూసుకోవచ్చు. "పొడి సరుకు" లాంటి పేరు వ్యాపారంలో నిజంగానే ఉంది కాబట్టి ఆ వేరియబుల్ చదివేవాడికి మేలే చేస్తుంది. పేరు పెట్టడానికి అర్థం లేని చోటే చిక్కు. ఆరు మెట్లున్న లెక్క రాయిస్తే పిల్లలు వరుసలు1, వరుసలు2, వరుసలు_కొత్త, వరుసలు_కొత్త2 అని పెట్టుకుంటూ పోతారు. ఐదో లైనులో వరుసలు3 బదులు వరుసలు2 అని పడితే కంపైలర్ (కోడ్ చదివి యంత్రానికి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రామ్) నోరెత్తదు, మొత్తం మాత్రం తప్పుగా వస్తుంది. అలాంటి పొడుగాటి లెక్కలు మీ భాష వాడేవాళ్లకి తరచూ రావు అనుకుంటే ఇక్కడే ఆగిపోండి. భాషలో లేని గుర్తుకి డాక్యుమెంటేషన్ రాయక్కర్లేదు.

చుక్క

చదువు("కొనుగోళ్లు").తేమవి_తీసెయ్(10).కిలోలకు_మార్చు(80)

జావా, పైథాన్, జావాస్క్రిప్ట్ ఏది నేర్చుకున్నవాళ్లకైనా ఇది కొత్తగా అనిపించదు. ఎడిటర్‌లో చుక్క కొట్టగానే తర్వాత ఏం చెయ్యొచ్చో జాబితా కిందకి దిగుతుంది. చుక్కకి ఉన్న అతి పెద్ద బలం ఇదే. పేర్లు గుర్తుపెట్టుకోలేని కొత్తవాళ్లకి ఇంతకన్నా ఉపకారం లేదు.

చిక్కు యాజమాన్యంలో ఉంది. చుక్క తర్వాత వచ్చే ఫంక్షన్ ముందున్న వస్తువు క్లాసులో (దాని డేటానీ ఫంక్షన్లనీ కలిపి ఉంచే నిర్వచనంలో) ఉండి తీరాలి. ఫ్యాక్టరీ గుమస్తా తన సొంత లెక్క ఒకటి రాసుకుని ఈ వరస మధ్యలో దూర్చాలంటే కుదరదు. అతని ఫంక్షన్ ఒక్కటి మళ్లీ బ్రాకెట్ల రూపంలో బయట నిలబడుతుంది. పైథాన్‌లో పాండాస్ లైబ్రరీ ఈ ఇబ్బందికే పైప్ అనే మెథడ్ (క్లాసులో ఉండే ఫంక్షన్) పెట్టింది. బయటి ఫంక్షన్‌ని దానికి అందిస్తే అది వరసలో కలుపుతుంది. పని జరుగుతుంది గానీ, చుక్క ఒక్కటే చాలదని ఒప్పుకున్నట్టే కదా.

దీనికి రెండు మందులున్నాయి. సీ షార్ప్ 3.0 తో 2007లో వచ్చిన ఎక్స్‌టెన్షన్ మెథడ్స్ ఒకటి. క్లాసు మనది కాకపోయినా, బయట రాసిన ఫంక్షన్‌ని దాని మెథడ్‌లాగే పిలవచ్చు. కోట్లిన్‌లోనూ ఈ సదుపాయం ఉంది. డీ, నిమ్ భాషలు ఇంకో అడుగు ముందుకేశాయి: ఏ ఫంక్షన్‌కైనా మొదటి ఆర్గ్యుమెంట్‌ని (బ్రాకెట్లలో ఇచ్చే మొదటి విలువని) చుక్కకి ముందు రాసుకోవచ్చు. ఇది చాలా అందమైన పరిష్కారం. ఖర్చు లేదని మాత్రం అనుకోకండి. పేరు కలిసినప్పుడు క్లాసులో ఉన్న మెథడే గెలవాలని సీ షార్ప్, కోట్లిన్ నియమం. రేపు లైబ్రరీ కొత్త వెర్షన్‌లో మీరు పెట్టుకున్న పేరుతోనే మెథడ్ వస్తే మీ ఫంక్షన్ చప్పుడు లేకుండా పక్కకి జరిగిపోతుంది.

మీ భాషలో క్లాసులూ వస్తువులూ ముందే ఉంటే చుక్కనే బాగు చేసుకోండి, రెండో గుర్తు వద్దు. జీడి లెక్కల భాషలో క్లాసులు లేవు. పట్టికలు, వాటి మీద ఫంక్షన్లు, అంతే. అలాంటప్పుడు చుక్క కోసం వస్తువుల వ్యవస్థ మొత్తం తెచ్చిపెట్టుకోవడం దండగ.

|> ఒకటే, అర్థాలు మూడు

యూనిక్స్‌లో ఒక ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌ని ఇంకోదానికి అందించాలన్న ఆలోచన, అంటే పైపు, డగ్ మెక్‌ఇల్‌రాయ్‌ది. 1964 నాటికే ఆయన దాన్ని కాగితం మీద పెట్టారు. 1973లో కెన్ థాంప్సన్ చేసి చూపించారు. | గుర్తు అలా స్థిరపడింది. చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో | కి వేరే పని ఉంది, అక్కడ ఈ పనికి |> వాడుకలోకి వచ్చింది. 1994లో ఇసబెల్ అనే ప్రూఫ్ అసిస్టెంట్ (గణిత నిరూపణలు సరిచూసే ప్రోగ్రామ్) తాలూకు ఎంఎల్ భాష కోడ్‌లో కనిపించిన ఈ గుర్తుని ఎఫ్ షార్ప్ అందరికీ పరిచయం చేసింది. తర్వాత ఎలిక్సిర్, ఎల్మ్, జూలియా, ఓకామెల్ తీసుకున్నాయి. ఆర్ 2021లో, పీహెచ్‌పీ 8.5 వెర్షన్‌తో 2025 నవంబర్‌లో చేరాయి.

ఇవన్నీ ఒకే బోర్డు తగిలించుకున్న వేర్వేరు దుకాణాలు. లోపల సరుకు వేరు. ఈ తేడా తెలియకుండా ఒక భాషలో చూసినదాన్ని ఇంకో భాషలోకి ఎత్తుకొస్తే సగం పనిచేసి సగం చెయ్యదు. పిల్లలు ఎక్కువగా తికమక పడింది ఇక్కడే. కాబట్టి నిదానంగా చూద్దాం.

మొదటి రకంలో కుడివైపు ఉండేది ఒక ఫంక్షన్. ఎడమ విలువని దానికి ఇస్తారు, అంతే. ఎఫ్ షార్ప్, ఓకామెల్, ఎల్మ్ ఈ దారిలో ఉన్నాయి. ఇందులో గొప్ప విషయం ఏమిటంటే |> అనేది భాషలో ప్రత్యేకమైన వస్తువే కాదు, లైబ్రరీలో ఒక్క లైను ఫంక్షన్. కంపైలర్‌ని ముట్టుకోనక్కర్లేదు. ఇది సాఫీగా నడవడానికి కారణం ఆ భాషల్లో రెండు ఆర్గ్యుమెంట్ల ఫంక్షన్‌కి ఒకటే ఇస్తే, రెండోదాని కోసం ఎదురుచూసే కొత్త ఫంక్షన్ తయారవడం. "తేమవి_తీసెయ్ 10" అంటే పట్టిక ఇంకా అందని ఫంక్షన్. ఎడమనుంచి పట్టిక రాగానే పని పూర్తవుతుంది. అందుకే ఆ లైబ్రరీల్లో డేటా ఎక్కువగా ఆఖరి ఆర్గ్యుమెంట్.

ఎఫ్ షార్ప్‌లో దీనికి ఇంకో లాభం ఉంది. అక్కడ టైపుల (ఏది అంకె, ఏది మాట అన్న రకాల) లెక్క ఎడమనుంచి కుడికి నడుస్తుంది. డేటా ముందు వస్తే, లోపలి చిన్న ఫంక్షన్లో వాడే వస్తువు ఏ టైపో కంపైలర్‌కి అప్పటికే తెలిసిపోతుంది. అదే కోడ్‌ని పైపు లేకుండా, ఫంక్షన్ ముందూ డేటా వెనకా రాస్తే, ఆ వస్తువు టైపు ఏమిటో చెప్పమని ఎర్రర్ వస్తుంది. చదవడానికి హాయి అనుకుని తెచ్చుకున్న గుర్తు అక్కడ కంపైలర్‌కి కూడా ఆసరా అయింది.

కానీ కొత్తవాళ్ల చేతికి ఈ రకం ఇవ్వడానికి నాకు భయం. ఒక ఆర్గ్యుమెంట్ మరిచిపోతే అది తప్పు కాదు, ఇంకో ఫంక్షన్ తయారైనట్టు. ఆ లైను దాటిపోతుంది. రెండు మెట్ల తర్వాత, సంబంధం లేని చోట ఎర్రర్ వస్తుంది. దాన్ని వెనక్కి పట్టుకెళ్లడం అనుభవం ఉన్నవాళ్లకి తెలుసు, ఫ్యాక్టరీ గుమస్తాకి తెలియదు.

ఆ సదుపాయం లేని భాష ఈ రకాన్నే తీసుకుంటే ఏమవుతుందో పీహెచ్‌పీ చూపిస్తుంది. అక్కడ |> కుడివైపు ఒక్క ఆర్గ్యుమెంట్‌తో పిలవగలిగిన ఫంక్షన్ ఉండాలి. రెండు ఆర్గ్యుమెంట్లు కావాలంటే బాణం ఫంక్షన్లో (పేరు లేకుండా అక్కడికక్కడే రాసే చిన్న ఫంక్షన్లో) చుట్టాలి, ఆ బాణం ఫంక్షన్ చుట్టూ మళ్లీ బ్రాకెట్లు పెట్టాలి. మన ఉదాహరణ ఆ పద్ధతిలో రాస్తే సుమారుగా ఇలా ఉంటుంది:

|> (ఫం(వ) => తేమవి_తీసెయ్(వ, 10))

బ్రాకెట్ల బాధ తప్పించుకోవడానికే కదా బయల్దేరాం!

రెండో రకం ఎలిక్సిర్, గ్లీమ్, ఆర్ భాషలది. ఇక్కడ |> అనేది ఫంక్షన్ కాదు, రాత మార్చే నియమం. ఎడమ విలువని తీసుకెళ్లి కుడివైపు పిలుపులో మొదటి ఆర్గ్యుమెంట్‌గా దూరుస్తారు.

చదువు("కొనుగోళ్లు")
|> తేమవి_తీసెయ్(10)
|> కిలోలకు_మార్చు(80)
|> ఊరివారీ_మొత్తం()

10 తన ఫంక్షన్ పక్కన, 80 తన ఫంక్షన్ పక్కన ఉన్నాయి. మెట్టు తీసెయ్యాలంటే లైను తీసేస్తే చాలు. వాడేవాళ్లకి కొత్త సిద్ధాంతం ఏదీ చెప్పక్కర్లేదు, ఒక్క వాక్యంతో నియమం అయిపోతుంది.

దీని ఖర్చు ఏమిటంటే, కంటికి కనపడే పిలుపూ నిజంగా జరిగే పిలుపూ ఒకటి కావు. తెర మీద ఒక ఆర్గ్యుమెంటే ఉంటుంది, ఫంక్షన్‌కి మాత్రం రెండు. ఎలిక్సిర్‌లో పేరు తప్పు కొడితే "తేమవి_తీసెయ్/2 లేదు" అన్న తరహాలో ఎర్రర్ వస్తుంది. ఆ 2 ఎక్కడినుంచి వచ్చిందని కొత్తవాళ్లు తల గోక్కుంటారు. ఈ రకం ఎంచుకుంటే ఎర్రర్ సందేశాల మీద ముందే కష్టపడాలి. "పైపునుంచి వచ్చిన పట్టిక మొదటిది, మీరు రాసిన 10 రెండోది" అని అర్థమయ్యేలా చెప్పాలి. అది కంపైలర్‌లో ఓ వంద లైన్లు పెంచినా దండగ కాదు.

ఇంకో షరతు, ఇదే అసలైనది. లైబ్రరీలో ప్రతి ఫంక్షన్ డేటాని మొదటి ఆర్గ్యుమెంట్‌గా తీసుకోవాలి. ఎలిక్సిర్ తన లైబ్రరీలో ఈ క్రమశిక్షణ పాటించింది. ఆర్‌కి ఆ అవకాశం లేదు. గుర్తు వచ్చేసరికే పాత ఫంక్షన్లు వేలల్లో ఉన్నాయి. వాటిలో కొన్నిటికి డేటా రెండోదో మూడోదో. అందుకే 4.1.0 లో |> పెట్టిన మరుసటి ఏడాదే, 4.2.0 లో, "విలువ ఇక్కడ దిగాలి" అని చెప్పే _ అనే చోటు గుర్తు తేవాల్సి వచ్చింది. అది కూడా పేరున్న ఆర్గ్యుమెంట్‌కే, పిలుపులో ఒక్కసారే.

క్లోజర్ సంగతి ఇంకా విచిత్రం. అక్కడ మొదటి చోట దూర్చడానికి ->, ఆఖరి చోట దూర్చడానికి ->> అని రెండు ఉన్నాయి. ఒక్కో రికార్డు మీద పనిచేసే ఫంక్షన్లు డేటాని ముందు అడుగుతాయి, వరుసల మీద పనిచేసేవి చివర అడుగుతాయి. రెండు జాతులూ ఒకే లెక్కలో కలిసినప్పుడు మధ్యలో పేరు పెట్టుకోవడానికి మూడోది వాడాలి. క్లోజర్ మంచి భాష, దాని కారణాలు దానికున్నాయి. కొత్తగా మొదలుపెట్టే మీకు మాత్రం ఇది కొనితెచ్చుకోవాల్సిన బాధ కాదు. గుర్తు గురించి వాదించే ముందు మీ లైబ్రరీలోని మొదటి పాతిక ఫంక్షన్లు కాగితం మీద రాసి, ఆర్గ్యుమెంట్ల వరస చూడండి. అక్కడ కుదురు లేకపోతే ఏ గుర్తూ కుదురు తేలేదు.

మూడో రకంలో విలువ ఎక్కడ దిగాలో ప్రతిసారీ రాసి చూపించాలి. హ్యాక్ భాషలో $$ అని రాస్తారు. జావాస్క్రిప్ట్‌కి ప్రతిపాదించిన పైపు కూడా ఈ పద్ధతే.

|> తేమవి_తీసెయ్(%, 10)

దాచిపెట్టింది ఏమీ లేదు. ఆర్గ్యుమెంట్ల వరస ఎంత అస్తవ్యస్తంగా ఉన్నా నడుస్తుంది. ఫంక్షన్ పిలుపే కానక్కర్లేదు, % * 80 అని కూడా రాసుకోవచ్చు. ఆగి ఎదురుచూడాల్సిన పనులు కూడా మామూలుగా ఇమిడిపోతాయి, మొదటి రకంలో వాటికి ప్రత్యేక నియమం కావాలి. మరి ఎందుకు అందరూ ఇదే తీసుకోరు? ప్రతి లైనులోనూ ఆ గుర్తు కంటికి అడ్డం. పైపు లోపల ఇంకో పైపు వస్తే ఏ % ఎవరిదో చూసుకోవాలి. పైగా ఏ గుర్తు పెట్టాలన్న తగువు తేలడం లేదు. జావాస్క్రిప్ట్ ప్రతిపాదన 2021 ఆగస్టులో ప్రామాణిక సంఘం రెండో దశకి చేరింది, ఆ చోటు గుర్తు ఏమిటన్నది అప్పుడు కూడా ఖాయం కాలేదు.

పాత లైబ్రరీ నెత్తిన ఉండి దాన్ని మార్చే వీలు లేని భాషకి ఈ మూడో రకమే సరి. కొత్త భాషకి రెండోది.

కూర్పు గుర్తుల గురించి రెండు మాటలు

హాస్కెల్‌లో చుక్క, ఎఫ్ షార్ప్‌లో >> ఉన్నాయి. ఇవి విలువని పంపవు, రెండు ఫంక్షన్లను కలిపి మూడో ఫంక్షన్ చేస్తాయి. హాస్కెల్ చుక్క గణితం పద్ధతిలో కుడినుంచి ఎడమకి చదవాలి, అంటే మళ్లీ సోంపేట కుర్రాడి ప్రశ్న దగ్గరికే వస్తాం. లైబ్రరీలు రాసేవాళ్లకి ఇవి బంగారం. లెక్కలు వేసుకునేవాళ్ల భాషలో మొదటి రోజే పెట్టక్కర్లేదు.

తెలుగు వాక్యంలా రాస్తే?

ఈ ఆలోచన పిల్లలకే వచ్చింది. మన వాక్యంలో పైపు పుట్టుకతోనే ఉంది: కొనుగోళ్లు చదివి, తేమవి తీసేసి, కిలోలకు మార్చి, ఊరివారీ మొత్తం కట్టు. వస్తువు ముందు, పనులు జరిగిన వరసలో, ఆఖరి క్రియ దగ్గర వాక్యం ముగింపు. రెండో రకం పైపు తెలుగువాళ్లకి సులువుగా ఎక్కడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం. మరి ఆ "చదివి", "తీసేసి" రూపాలనే భాషలో పెట్టేస్తే గుర్తే అక్కర్లేదు కదా అన్నారు.

వినడానికి ముచ్చటగా ఉంది, కట్టడానికి కాదు. అప్పుడు ప్రతి ఫంక్షన్‌కి రెండు రూపాలుండాలి, మధ్యలో వస్తే "మార్చి", చివర వస్తే "మార్చు". మార్చు–మార్చి, చెప్పు–చెప్పి వరకు సూటిగానే ఉంటుంది. చూడు–చూసి, చెయ్యి–చేసి దగ్గరికి వచ్చేసరికి పట్టిక పెట్టుకోవాలి. వాడేవాడు సొంత ఫంక్షన్ రాసుకుంటే దాని రెండో రూపం కూడా అతనే చెప్పాలి. అంతకన్నా పెద్ద చిక్కు దిద్దుబాటులో ఉంది. చివరి మెట్టుకి కింద ఇంకో మెట్టు చేర్చితే, అంతవరకు చివర ఉన్నదాని రూపం కూడా మార్చాలి. ఒక లైను చేర్చడానికి రెండు లైన్లు ముట్టుకోవాల్సి వచ్చే రాత ఎంత అందంగా ఉన్నా నేను ఒప్పుకోను. ఫంక్షన్ పేర్లు తెలుగులో ఉంచండి, కలిపే పని గుర్తుకి వదిలెయ్యండి.

గుర్తుకి బదులు "ఆపై" లాంటి మాట పెట్టడం ఇంకో దారి. అది నడుస్తుంది. ఒక్కటే జాగ్రత్త: మాటా గుర్తూ రెండూ పెట్టి ఎవరిష్టం వాళ్లది అనకండి. ఒకే ఫైలులో రెండు రాతలు కలిసిపోతాయి.

ఆకారం

ఇప్పుడు గుర్తు సంగతి. -> చూడ్డానికి బాగుంటుంది గానీ చాలా భాషల్లో అది చిన్న ఫంక్షన్లకి, టైపులకి వాడుకలో ఉంది. మీ భాషలో చిన్న ఫంక్షన్లు రాబోతుంటే దాన్ని వాటికి దాచుకోండి. >> చాలా భాషల్లో బిట్ల జరుపుడుకి (బైనరీ అంకెలని పక్కకి జరపడానికి) పోయింది. ఆర్‌లో 2014 నుంచి మాగ్రిటర్ ప్యాకేజీ ద్వారా నడిచిన %>% మూడు అక్షరాలది, కొట్టడం విసుగు. |> కి ఉన్న బలం ఇప్పటికే చాలా భాషల్లో ఉండటమే. రేపు ఈ పిల్లలు వేరే భాషకి వెళ్లినా కన్ను గుర్తుపడుతుంది. ఫోన్లో మాట్లాడుకుంటూ కోడ్ చదివేటప్పుడు "పైప్" అంటే అవతలివాళ్లకి అర్థమవుతుంది కూడా.

ఫోన్ అన్నాను కాబట్టి: మన వైపు పిల్లల్లో చాలామంది ల్యాప్‌టాప్ దొరకనప్పుడు ఫోన్లోనే కోడ్ కొట్టి చూస్తారు. ఫోన్ కీబోర్డులో | , > సాధారణంగా గుర్తుల రెండో పేజీలో ఉంటాయి. రెండూ ఒకే పేజీలో ఉండటం నయం, -> కైతే మధ్యలో పేజీ తిప్పాలి. మీ ఎడిటర్‌లో |> కి ఒక బటన్ పెట్టేస్తే ఈ గొడవే ఉండదు.

ఎవరు ముందు?

బస్తాలు * 80 |> గుండ్రం_చెయ్()

దీన్ని చదివినవాళ్లంతా మొత్తం గుణకారం అయ్యాక గుండ్రం చేస్తారనే అనుకుంటారు. ఆర్‌లో అలా జరగదు. అక్కడ |> గుణకారం కన్నా, కూడిక కన్నా గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి ముందు ఆ 80 ఒక్కటే గుండ్రం అవుతుంది. ఎర్రర్ రాదు. ఎలిక్సిర్, ఎఫ్ షార్ప్‌లలో లెక్క ముందు, పైపు తర్వాత. అదే కావాలి.

పోలికల దగ్గర ఎఫ్ షార్ప్‌ని అనుసరించకండి. అక్కడ = కీ |> కీ ప్రాధాన్యంలో ఒకే మెట్టు, ఎడమనుంచి కట్టుకుంటూ పోతుంది. "ఇది = అది |> పని" అని రాస్తే ముందు రెండూ సమానమా అని చూసి, ఆ జవాబుని ఫంక్షన్‌కి పంపుతుంది. ఎలిక్సిర్‌లో పైపు పోలిక కన్నా పైన, కూడిక కన్నా కింద ఉంటుంది. ఆ మధ్య మెట్టే సరైన చోటు.

లైను ఎక్కడ విరగాలి

ఇది చిన్న విషయంలా కనపడుతుంది గానీ రోజూ బాధపెట్టేది ఇదే. ఆర్‌లో |> లైను చివర పెట్టాలి, లేకపోతే పై లైనుతోనే వాక్యం అయిపోయిందని భాష అనుకుంటుంది. దాంతో చివరి మెట్టుని తాత్కాలికంగా కామెంట్ చేస్తే, పై లైను చివర |> వేలాడుతూ మిగిలిపోయి కోడ్ విరిగిపోతుంది. లెక్క ఎక్కడ తప్పుతోందో చూడటానికి అందరూ చేసే మొదటి పని చివరి మెట్టు మూసి చూడటమే! ఎలిక్సిర్, ఎఫ్ షార్ప్‌లలో గుర్తు లైను మొదట్లో పెడతారు కాబట్టి ఏ మెట్టైనా కామెంట్ చేసుకోవచ్చు, మొదటిది తప్ప. మీ భాషలో లైను చివరతో వాక్యం ముగిసేట్టయితే, |> తో మొదలైన లైను పైదానికి కొనసాగింపు అని పార్సర్‌లో (కోడ్ రాతని చదివి విడగొట్టే భాగంలో) నియమం పెట్టండి. ఆ నియమం మొదటి వెర్షన్‌లోనే రావాలి. తర్వాత పెడితే పాత కోడ్ మొత్తం ఒక తీరులో, కొత్తది ఇంకో తీరులో ఉంటుంది.

దీనికి తోడుగా, విలువని తెర మీద చూపించి అదే విలువని ముందుకి పంపే "చూపు()" అనే ఫంక్షన్ ఒకటి లైబ్రరీలో ఉంచండి. మెట్ల మధ్య ఎక్కడైనా ఒక లైనుగా దూరుతుంది. ఎలిక్సిర్‌లో ఇలాంటిది ఎప్పటినుంచో ఉంది. 2022లో వచ్చిన 1.14 వెర్షన్‌తో, పైపు చివర పెడితే ప్రతి మెట్టు దగ్గరా విలువ ఎంతో వరసగా చూపించే సదుపాయం కూడా చేర్చారు. వేరియబుల్స్‌తో రాసేవాళ్లు పైపు మీద చేసే ప్రధాన ఫిర్యాదు మధ్య విలువలు కనపడవని. ఈ ఒక్క ఫంక్షన్‌తో అది చాలావరకు తీరిపోతుంది.

మధ్యలో తప్పు వస్తే

ఫైలు దొరకదు, లేదా తేమ గడిలో అంకె బదులు "తడి" అని రాసి ఉంటుంది. అప్పుడు వరస ఏం చెయ్యాలి? కొన్నిచోట్ల దీనికోసం రెండో పైపు పెడతారు, తప్పు వస్తే మిగతా మెట్లు దాటించేది. తర్వాత మూడోది వస్తుంది. హాస్కెల్ లైబ్రరీలు కొన్ని తెరిచి చూస్తే ఈ గుర్తుల సంత ఎంతవరకు పెరగగలదో తెలుస్తుంది. వాడేవాళ్లు సొంత గుర్తులు తయారుచేసుకునే హక్కు చిన్న భాషలో ఇవ్వకపోవడమే మంచిది.

నాకు నచ్చింది రస్ట్ పద్ధతి. 2016 నవంబర్‌లో 1.13 తో వచ్చిన ? గుర్తుని పిలుపు చివర పెడతారు. విలువ బాగుంటే ముందుకి పోతుంది, తప్పైతే ఫంక్షన్ అక్కడితో ఆగి ఆ తప్పుని పిలిచినవాడికి అప్పగిస్తుంది. "చదువు("కొనుగోళ్లు")?" అన్న ఒక్క ప్రశ్న గుర్తుతో, ఏ మెట్టు దగ్గర చెడిపోవచ్చో చదివేవాడికి కనపడుతుంది. పైపు పైపులాగే ఉంటుంది. వ్యాపారుల లెక్కల్లాంటి మరీ చిన్న భాషకైతే ఇది కూడా వద్దు: తప్పు వచ్చిన చోట ఆగి, ఫైలులో ఏ వరుస దగ్గర ఆగిందో తెలుగులో చెబితే చాలు.

ఎవరికి ఏది

క్లాసులున్న భాష, లేదా పైథాన్ లోపలే లైబ్రరీగా నడిచే భాష అయితే చుక్క. ఆర్గ్యుమెంట్లు ఒక్కొక్కటిగా ఇచ్చుకునే ఫంక్షనల్ భాష కడుతుంటే, వాడేవాళ్లు కూడా ఆ పద్ధతి తెలిసినవాళ్లయితే, ఎఫ్ షార్ప్ తీరు, డేటా ఆఖరున. మార్చలేని పాత లైబ్రరీ మీద కడుతుంటే చోటు గుర్తు. వీటిలో ఏదీ కాక, పట్టికల మీద లెక్కలు రాసుకునే జనం కోసం కొత్తగా మొదలుపెడుతుంటే |> పెట్టి, విలువ మొదటి ఆర్గ్యుమెంట్‌గా దిగేట్టు చెయ్యండి. కుడివైపు ఎప్పుడూ బ్రాకెట్లతో ఉన్న పిలుపే ఉండాలని, ఆర్గ్యుమెంట్ లేకపోయినా ఊరివారీ_మొత్తం() అనే రాయాలని పట్టుబట్టండి. ఆర్ అదే చేస్తుంది. దానివల్ల ఫంక్షన్ పేరుకీ పిలుపుకీ తేడా చూడగానే తెలుస్తుంది. చోటు గుర్తు మొదటి వెర్షన్‌లో వద్దు. నిజంగా అవసరం పడితే తర్వాత చేర్చవచ్చు, పాత కోడ్ చెడదు. చేర్చిన గుర్తుని తీసెయ్యడం మాత్రం కుదిరే పని కాదు.

ఒక్క మెట్టుకి పైపు వాడనివ్వకండి. విలువ |> పని() కన్నా పని(విలువ) పొట్టిది. ఎలిక్సిర్‌వాళ్లు కోడ్ తనిఖీ పనిముట్లలో దీనికి హెచ్చరిక పెట్టుకున్నారు. మీరు ఫార్మాటర్ (కోడ్ రాతని సర్దే పనిముట్టు) రాస్తుంటే దాన్ని అందులోనే వేసెయ్యండి: రెండు మెట్లు దాటితే లైనుకొకటి, ఒక్కటే ఉంటే మామూలు పిలుపు.